నీటిమట్టం డేటా లాగర్

నీటిమట్టం డేటా లాగర్ అనేది బావి, చెరువు, కాలువ, నది వంటి చోట్ల నీటి అడుగున ముంచి ఉంచే ఒక స్వయంచాలక పరికరము. ఇది నిర్ణీత వ్యవధులలో నీటి పీడనాన్ని కొలిచి, తేదీ, సమయాలతో సహా తనలోనే భద్రపరచుకొంటుంది. భారతదేశపు జలవనరుల శాఖలలో దీనికి డిజిటల్ వాటర్ లెవెల్ రికార్డర్ అనే పేరు వాడుకలో ఉన్నది. పొడి అక్షరాలలో డి.డబ్ల్యు.ఎల్.ఆర్. అంటారు. పేరులో నీటిమట్టం అని ఉన్నా ఈ పరికరము నిజానికి మట్టాన్ని కొలవదు, పీడనాన్ని మాత్రమే కొలుస్తుంది. మట్టమనేది ఆ తరువాత లెక్కకట్టి రాబట్టవలసిన విలువ. ఈ తేడాను గమనించకపోవడం వలననే దీని వాడకంలోని పొరపాట్లు చాలావరకు జరుగుతాయి.

ఈ వ్యాసంలో పరికరం పనిచేసే తీరు, అందులో వచ్చే దోషాలు ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేరు ప్రాంతాల నీటి పరిస్థితులకు అన్వయించి వివరించబడినవి.

కొల్లేటిలో ఒక సెంటీమీటరు విలువ

కొల్లేరు కృష్ణా, గోదావరి డెల్టాల మధ్యనున్న పల్లపు భూమిలో ఏర్పడిన మంచినీటి సరస్సు. 2022 ఏప్రిల్ వరకు ఇది కృష్ణా, పశ్చిమ గోదావరి జిల్లాలలో విస్తరించి ఉండేది. జిల్లాల పునర్విభజన తరువాత ఇందులో అత్యధిక భాగం కొత్తగా ఏర్పడిన ఏలూరు జిల్లాలోకి వచ్చినది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు వంటి ఏరులు, డెల్టా మురుగు కాలువలు దీనిలో కలుస్తాయి. నీరు బయటకు పోవడానికి ఉన్న ప్రధాన మార్గం ఉప్పుటేరు. సుమారు 60 కిలోమీటర్లు ప్రవహించి అది బంగాళాఖాతంలో కలుస్తుంది.

సరస్సు విస్తీర్ణాన్ని ఇక్కడ కాంటూరులతో చెప్పడం ఆనవాయితీ. సముద్రమట్టానికి 5 అడుగుల ఎత్తున్న రేఖకు లోపలి భాగాన్ని 1999లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించినది. దీని విస్తీర్ణం సుమారు 308 చదరపు కిలోమీటర్లు. 2002లో రామ్‌సర్ ఒప్పందం క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యత గల చిత్తడి నేలగా గుర్తింపు పొందినది మాత్రం 10 అడుగుల కాంటూరు వరకు గల 901 చదరపు కిలోమీటర్లు. అంటే 5 అడుగుల ఎత్తు తేడాలో, అనగా 152 సెంటీమీటర్లలో, విస్తీర్ణం దాదాపు మూడు రెట్లవుతున్నది. సగటున చూస్తే ఎత్తులో ఒక్కొక్క సెంటీమీటరుకు సుమారు 4 చదరపు కిలోమీటర్ల నేల ఉన్నది. అభయారణ్య విస్తీర్ణమంతా నీరు పరచుకొన్నదనుకొంటే, అందులో ఒక సెంటీమీటరు నీరు 30 లక్షల ఘనపు మీటర్లకు పైమాటే. టి.ఎం.సి.లలో చెప్పాలంటే పదోవంతు.

కొండల నడుమ కట్టిన జలాశయంలో ఐదు సెంటీమీటర్ల పొరపాటును ఎవరూ పట్టించుకోరు. కొల్లేటిలో అది లంక గ్రామాల రోడ్లు మునగడానికి, తేలడానికి మధ్యనున్న తేడా కావచ్చును. అభయారణ్యం హద్దును 5 నుండి 3 అడుగుల కాంటూరుకు కుదించాలన్న కోరిక, 2005-06లో ఆపరేషన్ కొల్లేరు పేరిట చేపల చెరువుల గట్లను తొలగించడం, 2010లో కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ నియమించిన పి.ఏ. అజీజ్ కమిటీ ఆ కుదింపును సమర్థించకపోవడం, ఇవన్నీ సముద్రమట్టం నుండి కొలిచిన ఎత్తు చుట్టూ తిరిగిన విషయాలే. రైతులు, మత్స్యకారులు, అటవీశాఖ అందరూ అడుగులలోనే వాదించుకొంటారు. కనుక ఆ అడుగులను కొలిచే పరికరం ఎంత నమ్మదగినది అన్న ప్రశ్న ఇక్కడ కేవలం సాంకేతికమైనది కాదు.

పూర్వపు కొలతలు

వంతెనల స్తంభాల మీద, లాకుల గోడల మీద అడుగులు, అంగుళాలు లేదా మీటర్లు గీసిన గేజి పలకలు నీటిమట్టాన్ని కొలిచే అతి పాత సాధనాలు. డెల్టా కాలువల యాజమాన్యం నేటికీ వీటి మీద ఆధారపడుతున్నది. కొల్లేటికి వరద వచ్చినప్పుడు ఏలూరు-కైకలూరు రహదారిలోని పెదయెడ్లగాడి వంతెన వద్ద చూసిన మట్టాన్ని పత్రికలు ప్రకటిస్తూ ఉంటాయి. గేజి పలకకు బ్యాటరీ అక్కరలేదు, చూసిన మనిషికి అనుమానమూ ఉండదు. అయితే మనిషి లేనప్పుడు అది ఏమీ చెప్పదు. వరద సాధారణంగా రాత్రివేళనే పెరుగుతుందని కాలువగట్ల మీద పనిచేసినవారు అంటూ ఉంటారు. అందులో నిజమెంత ఉన్నా, రాత్రి మట్టాలు పుస్తకంలో లేకపోవడం మాత్రం నిజం.

దీని తరువాత తేలే బంతితో, గడియారంతో తిరిగే కాగితపు డ్రమ్ముతో పనిచేసే ఫ్లోట్ రికార్డర్లు వచ్చినవి. ఇవి మట్టాన్ని గీతగా గీసేవి. కాగితం మార్చడం, సిరా ఎండిపోకుండా చూడడం, తీగ బిగుసుకోకుండా చూడడం పెద్ద పని. భూగర్భ జలాల విషయంలోనైతే టేపును బావిలోకి దించి కొలవడమే పద్ధతి. కేంద్ర భూగర్భ జల బోర్డు తన పరిశీలక బావులను ఏడాదికి నాలుగు సార్లు, జనవరిలో, వేసవిలో, ఆగస్టులో, నవంబరులో కొలుస్తూ వచ్చినది.

ఆంధ్రప్రదేశ్‌లో డేటా లాగర్లు పెద్ద సంఖ్యలో ప్రవేశించినది హైడ్రాలజీ ప్రాజెక్టు ద్వారా. ప్రపంచ బ్యాంకు ఋణంతో, నెదర్లాండ్స్ ప్రభుత్వ సాంకేతిక సహాయంతో 1995 నుండి 2003 వరకు తొమ్మిది రాష్ట్రాలలో ఈ పథకం మొదటి దశ నడచినది. ఇందులో భాగంగా పీజోమీటర్లు, అనగా నీరు తోడకుండా మట్టం చూడడానికి మాత్రమే తవ్విన సన్నని బోరు బావులు వేసి, వాటిలో ఈ పరికరాలను దించారు. రెండవ దశ 2006లో మొదలై 2014లో ముగిసినది. 2016లో ఆమోదం పొందిన జాతీయ హైడ్రాలజీ ప్రాజెక్టు దీనిని దేశమంతటికీ విస్తరించినది. తొలి రోజులలో సిబ్బంది బావి వద్దకు వెళ్ళి తీగ ద్వారా సమాచారాన్ని కంప్యూటరులోకి దించుకొనేవారు. తరువాత సెల్‌ఫోన్ మోడెములతో కూడిన టెలిమెట్రీ వచ్చి, అంకెలు నేరుగా కార్యాలయానికి చేరడం మొదలైనది.

నిర్మాణం, పనిచేసే విధానం

పరికరం చూడడానికి పెద్ద పెన్నులాగా, రెండు సెంటీమీటర్ల వ్యాసం గల ఉక్కు గొట్టంలా ఉంటుంది. లోపల పీడన సెన్సరు, ఉష్ణోగ్రత సెన్సరు, గడియారం, మెమరీ చిప్, లిథియం బ్యాటరీ ఉంటాయి. ఉప్పునీటిలో వాడేవాటికి తుప్పు పట్టని టైటానియం తొడుగు వేస్తారు.

సెన్సరులోని ముఖ్య భాగం ఒక పలుచని సిలికాన్ పొర. పీడనానికి పొర వంగినప్పుడు దాని విద్యుత్ నిరోధం మారుతుంది. సిలికాన్, జెర్మేనియంలలో ఈ గుణం ఎంతో ఎక్కువగా ఉంటుందని 1954లో అమెరికాలోని బెల్ లేబొరేటరీస్‌కు చెందిన చార్లెస్ స్మిత్ ప్రకటించాడు. నిరోధంలోని మార్పు నుండి పీడనం, పీడనం నుండి సెన్సరు పైనున్న నీటి లోతు లెక్కకు వస్తాయి. ఒక మీటరు మంచినీరు సుమారు 9.81 కిలోపాస్కళ్ళ పీడనాన్ని కలిగిస్తుంది.

తయారీదారులు ఖచ్చితత్వాన్ని పూర్తి పరిధిలో శాతంగా చెబుతారు. 10 మీటర్ల పరిధి గల పరికరానికి 0.05 శాతం అంటే 5 మిల్లీమీటర్లు. అదే 100 మీటర్ల పరిధి గలదానికి 5 సెంటీమీటర్లు. మెట్టలోని లోతైన బోరు కోసం కొన్న పరికరాన్ని రెండు మీటర్ల లోతైనా లేని కొల్లేటిలో దించితే ఫలితమెలా ఉంటుందో దీనిని బట్టి ఊహించవచ్చును. కొనుగోలు సమయంలో ఒకే రకాన్ని అన్నిచోట్లకూ తెప్పించడం సులభమే గాని సరైన పని కాదు.

గంటకొక కొలత చొప్పున తీసుకొంటే ఏడాదికి 8,760 విలువలు వస్తాయి. పావుగంటకైతే 35,040. బావికి ఆరు గంటలకొకసారి చాలును. వరద వచ్చే ఏటికి పావుగంట వ్యవధి అవసరం.

గాలి బరువు

నీటి మీద గాలి కూడా బరువు మోపుతుంది. సముద్రమట్టం వద్ద ఈ వాతావరణ పీడనం సగటున 101.3 కిలోపాస్కళ్ళు, అనగా 10.33 మీటర్ల నీటితో సమానం. నీటిలో మునిగియున్న సెన్సరు మీద గాలి, నీరు రెండూ కలిసి పడతాయి. గాలి వంతును తీసివేయడానికి రెండు పద్ధతులున్నవి. మొదటిది, తీగ లోపల సన్నని గాలిగొట్టాన్ని పైకి తీసి, సెన్సరు వెనుకవైపుకు బయటి గాలి తగిలేలా చేయడం. ఇందులో లెక్క తేలికే కాని, గొట్టంలోకి తేమ చేరకుండా పైకొనలో సిలికా జెల్ పెట్టవలసి ఉంటుంది. కొల్లేరు వంటి తేమ ప్రాంతంలో అది త్వరగా రంగు మారి పనికిరాకుండా పోతుంది. రెండవ పద్ధతిలో పరికరం పూర్తిగా మూసివేయబడి ఉంటుంది. నీటి బయట మరొక లాగర్‌ను ఉంచి గాలి పీడనాన్ని విడిగా నమోదు చేస్తారు. తరువాత ఒకదాని నుండి మరొకటి తీసివేస్తారు. కొన్ని పదుల కిలోమీటర్ల పరిధిలోని పరికరాలకు ఇటువంటి గాలి లాగర్ ఒక్కటి సరిపోతుంది.

గాలి పీడనంలో ఒక హెక్టోపాస్కల్ తేడా నీటిలో సుమారు 1.02 సెంటీమీటర్లు. ఉష్ణమండలంలో గాలి పీడనం ప్రతిదినం రెండుసార్లు పెరిగి రెండుసార్లు తగ్గుతుంది. ఉదయం, రాత్రి 10 గంటల ప్రాంతంలో ఎక్కువగా, తెల్లవారుజామున, సాయంత్రం 4 గంటల ప్రాంతంలో తక్కువగా ఉంటుంది. ఈ హెచ్చుతగ్గు సుమారు 3 హెక్టోపాస్కళ్ళు. సవరణ చేయని రికార్డులో ఏ గాలీ వానా లేని రోజున కూడా చెరువు మట్టం రోజుకు రెండుసార్లు 3 సెంటీమీటర్ల మేర లేచి పడుతున్నట్లు కనబడుతుంది. దీనిని చూసి ఎవరో నీరు తోడుతున్నారనుకొనే అవకాశం కలదు.

తుఫాను సమయంలో ఇది ప్రమాదకరమవుతుంది. 2023 డిసెంబరు 5న బాపట్ల సమీపంలో తీరం దాటిన మిచౌంగ్ వంటి తుఫానులు ఈ తీరానికి కొత్త కావు. ఉదాహరణకు ఊహించుకొన్న కొన్ని సంఖ్యలతో లెక్క ఇలా ఉంటుంది. సెన్సరు సముద్రమట్టానికి 0.300 మీటర్ల ఎత్తున బిగించబడినదనుకొందాము. తుఫాను రాత్రి అది 111.5 కిలోపాస్కళ్ళు చూపినది. అదే సమయంలో గాలి పీడనం 99.0 కిలోపాస్కళ్ళు. తేడా 12.5 కిలోపాస్కళ్ళు, అనగా 1.274 మీటర్ల నీరు. సెన్సరు ఎత్తు కలిపితే మట్టం 1.574 మీటర్లు, అడుగులలో 5.16. గాలి లాగర్ లేక, సగటు విలువయైన 101.3నే తీసివేసినట్లయితే 1.340 మీటర్లు, అనగా 4.40 అడుగులు వస్తుంది. నీరు ఐదడుగుల గీతను దాటిపోయిన వేళ కార్యాలయంలోని తెర మీద ఇంకా అరడుగుకు పైగా ఖాళీ ఉన్నట్లు కనబడుతుంది. గాలి పీడనం పడిపోయినప్పుడే వానలు, వరదలు వస్తాయి కనుక ఈ దోషం ఎప్పుడూ తక్కువ చూపే వైపుకే, అదీ అత్యవసర సమయంలోనే వస్తుందన్నది గమనార్హం.

కాంటూరు, నీటిమట్టం, ప్రామాణిక మట్టం

కాంటూరు అనేది నేల ఎత్తును తెలిపే గీత. అది కదలదు. నీటిమట్టం రోజురోజుకూ మారుతుంది. వేసవిలో నీరు ఎంత తగ్గినా 5 అడుగుల కాంటూరు హద్దు అక్కడే ఉంటుంది. వరదలో నీరు దానిని దాటినంత మాత్రాన అభయారణ్యం పెరగదు. సామాన్య చర్చలలో ఈ రెండూ తరచుగా కలగాపులగమవుతున్నవి. డేటా లాగర్ హద్దును నిర్ణయించలేదు. నీరు ఆ హద్దును ఏ రోజు, ఎన్ని గంటలకు చేరినది, ఎన్ని రోజులు నిలిచినది అన్నంతవరకే అది సాక్ష్యం చెప్పగలదు.

ఆ సాక్ష్యం కూడా సెన్సరు ఎత్తును సముద్రమట్టంతో ముడివేసినప్పుడే చెల్లుతుంది. భారతదేశంలో ఎత్తులకు ఆధారం సర్వే ఆఫ్ ఇండియా 1909లో పూర్తిచేసిన మట్టాల జాలము. దాని బెంచి మార్కు నుండి లెవెలింగు చేసుకొంటూ వచ్చి, లాగర్ వ్రేలాడదీసిన కొక్కెం ఎత్తును నిర్ణయించాలి. జి.పి.ఎస్. పరికరంలోని ఎత్తును అలాగే వాడరాదు. అది దీర్ఘగోళం నుండి కొలిచినది, సముద్రమట్టం నుండి కొలిచినదానికి దానికీ మన దేశంలో పదుల మీటర్ల తేడా ఉంటుంది. ఇక పాత పత్రాలలో అడుగులు, కొత్త పరికరాలలో మీటర్లు. 3 అడుగులు 0.914 మీటర్లు, 5 అడుగులు 1.524, 10 అడుగులు 3.048. ఐదడుగులను ఒకటిన్నర మీటరుగా కుదించి వ్రాసినా 2.4 సెంటీమీటర్లు పోతుంది.

లాగర్‌ను ఎక్కడ ఉంచాలన్నది మరొక చిక్కు. చేపల చెరువు గట్టు లోపలి నీరు, బయటి సరస్సు నీరు ఒకే మట్టంలో ఉండవు. గుర్రపుడెక్క, కిక్కిస పేరుకొన్న చోట ప్రవాహం అడ్డగించబడి ఎగువ ఎత్తుగా, దిగువ పల్లంగా ఉంటుంది. లోతులేని సరస్సు కావడం వలన బలమైన గాలి నీటిని ఒక ఒడ్డుకు నెట్టివేస్తుంది. అందుచేత కొల్లేటి మట్టం అని ఒకే అంకెను చెప్పడానికి ఒక్క పరికరం చాలదు. ఏరులు కలిసే ఉత్తరపు వైపున, నడుమ, ఉప్పుటేరు మొదట్లో కనీసం ఒక్కొక్కటి ఉండాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడను ముంచిన తరువాత ఆ నీరు కొల్లేటికి చేరి లంక గ్రామాలకు రాకపోకలు నిలిచిపోయినవి. ఇటువంటి వరదలో ఎగువ, దిగువ మట్టాల మధ్య గల తేడాయే నీరు ఎంత వేగంగా దిగుతుందో చెప్పగలిగేది.

ఉప్పుటేరులో ఆటుపోట్లు

బంగాళాఖాతంలో రోజుకు రెండుసార్లు పోటు, రెండుసార్లు ఆటు వస్తాయి. ఒక పోటుకూ మరొక పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. అందుచేత పోటు వేళ ప్రతిదినం 50 నిమిషాలు వెనుకకు జరుగుతుంది. ఉప్పుటేరు దిగువ భాగంలో గేజిని రోజూ ఉదయం 8 గంటలకే చూసి వ్రాస్తే, ఒకనాడు పోటు, వారం తరువాత ఆటు పుస్తకంలోకి ఎక్కుతాయి. ఫలితంగా పదిహేను రోజులకొకసారి ఏరు పొంగి తగ్గుతున్నట్లు ఒక లేని అల కనబడుతుంది. గంటకొకసారి వ్రాసే లాగర్‌లో ఈ భ్రమ ఉండదు. మనిషి చూపుకు అందని విషయం ఈ పరికరానికి అందే సందర్భాలలో ఇది ఒకటి.

ఇక్కడ ఉప్పు వలన మరొక దోషం వస్తుంది. సముద్రపు నీరు మంచినీటి కంటె సుమారు 2.5 శాతం బరువైనది. 4 మీటర్ల లోతులో మంచినీటి లెక్క వాడితే 10 సెంటీమీటర్లు ఎక్కువ చూపుతుంది. వేసవిలో ఉప్పునీరు ఎగదన్నినప్పుడు లవణీయతను కూడా కొలిచే లాగర్ ఉంటే గాని సవరణ సాధ్యం కాదు.

మెట్టలోని బావులు

తాడేపల్లిగూడెం డెల్టాకు, మెట్టకు సరిహద్దులో ఉన్నది. పట్టణానికి దక్షిణాన కాలువల క్రింద వరి, ఉత్తరాన బోర్ల క్రింద ఆయిల్ పామ్, కొబ్బరి, అరటి వంటి తోటలు. డెల్టాలో భూగర్భ జలం నేలకు దగ్గరగా ఉంటుంది గాని తీరం వైపుకు పోయేకొలది ఉప్పగా మారుతుంది. ద్వారకా తిరుమల, కామవరపుకోట, చింతలపూడి వైపు మెట్టలో ఇసుకరాతి పొరలలోని నీటిని లోతైన బోర్లతో తోడుతారు.

ఏడాదికి నాలుగు కొలతలతో ఇటువంటి చోట పెద్దగా తెలిసేదేమీ లేదు. పక్క తోటలో మోటారు నడుస్తున్నప్పుడు టేపు దించితే ఒక మట్టం, కరెంటు పోయిన గంటకు దించితే మరొకటి. లాగర్ గీతలో మోటారు వేసిన వేళ, ఆపిన వేళ, తిరిగి నీరు ఊరిన వేగం అన్నీ కనబడతాయి. ప్రతి రాత్రీ మట్టం పూర్తిగా కోలుకొంటున్నదా, లేక కొంచెం కొంచెంగా అడుగంటుతున్నదా అన్నది రైతుకు కావలసిన సమాచారం. 2015 నుండి పట్టిసీమ ఎత్తిపోతల నీరు పోలవరం కుడి కాలువ ద్వారా ఈ మెట్ట మీదుగా పారుతున్నది. బావిలో పెరిగిన నీరు వానదా, కాలువ ఊటదా అన్నదానికి కూడా కాలువ విడిచిన తేదీలను, వానపాతాన్ని, లాగర్ గీతను పక్కపక్కన పెట్టి చూడడమే మార్గం. 2014 రాష్ట్ర విభజన తరువాత ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యికి పైగా పీజోమీటర్లకు టెలిమెట్రీ అమర్చి, ఆ మట్టాలను ఇంటర్నెట్‌లో అందరికీ కనబడేలా ఉంచారు. తాడేపల్లిగూడెంలో 2015లో నెలకొన్న జాతీయ సాంకేతిక విద్యాసంస్థ, వెంకటరామన్నగూడెంలోని ఉద్యాన విశ్వవిద్యాలయం విద్యార్థులకు ఇది చక్కని అధ్యయన సామగ్రి.

జంగారెడ్డిగూడెం వైపు నుండి వచ్చే ఎర్రకాలువ కథ వేరు. అది కొల్లేటిలో కలవదు. నందమూరు వద్ద ఏలూరు కాలువను దాటి యనమదుర్రు డ్రెయిను ద్వారా సముద్రానికి పోతుంది. వానాకాలంలో గంటల వ్యవధిలో పెరిగి తాడేపల్లిగూడెం, నిడదవోలు పరిసరాలలోని పొలాలను ముంచుతుంది. ఇటువంటి ఏటిలో అంకెలు దాచుకొనే లాగర్ వరద పోయిన తరువాత పరిశీలనకే పనికివస్తుంది. హెచ్చరికకు మాత్రం ఎప్పటికప్పుడు పంపే టెలిమెట్రీ తప్పనిసరి.

అమరిక, నిర్వహణ

సరస్సులో, కాలువలో లాగర్‌ను నేరుగా వ్రేలాడదీయరు. అడుగున రంధ్రాలు గల పి.వి.సి. లేదా ఇనుప గొట్టాన్ని వంతెన స్తంభానికి బిగించి అందులో దించుతారు. అలలు గొట్టంలోకి రాకుండా ఇది ఆపుతుంది. అడుగు బురదకు సెన్సరు తగలకూడదు. నాచు, నత్తలు, బురద రంధ్రాలను మూసివేస్తే బయట నీరు తగ్గినా లోపల తగ్గదు, గీత మాత్రం నున్నగా అందంగా ఉంటుంది. మరీ నున్నగా ఉన్న గీతను అనుమానించడం మంచిది. తీగ సాగినా, ఎవరైనా పైకి లాగి తిరిగి వేరే కొక్కేనికి తగిలించినా గీతలో మెట్టులాంటి దూకుడు కనబడుతుంది. బావులకు ఇనుప మూత, తాళం వేస్తారు.

సెన్సరు విలువ కాలక్రమేణా కొద్దికొద్దిగా జరుగుతుంది. కనుక వెళ్ళిన ప్రతిసారీ గేజి పలకను గాని టేపును గాని చూసి, అదే నిమిషంలో లాగర్ చూపిన విలువ పక్కన పుస్తకంలో వ్రాయాలి. రెండింటికీ తేడా క్రమంగా పెరుగుతూ ఉంటే పరికరాన్ని తిరిగి ప్రమాణీకరించాలి. గడియారాన్ని కూడా సరిచూడాలి. బ్యాటరీ చివరి దశలో కొన్ని పరికరాలు ఆగిపోకుండా తప్పుడు విలువలను వ్రాస్తూ పోతాయి. అందుచేత పరికరం అమర్చిన చోట గేజి పలకను తొలగించడం తగదు. రెండూ ఉన్నచోటనే వివాదం వచ్చినప్పుడు చూపడానికి ఆధారం మిగులుతుంది.